నూటికి ఐదుగురి పార్టీ

ప్రశ్న: సార్, మా ఇంట్లో కన్నడం, బయట తెలుగు. ఫిన్లాండులో స్వీడిష్ మాట్లాడేవాళ్ళు నూటికి ఐదుగురే అయినా వాళ్ళకంటూ ఒక పార్టీ ఉందనీ, మంత్రి పదవులు కూడా దక్కుతాయనీ విన్నాను. అదెట్లా కుదిరింది?
– ఒక పాఠకురాలు, రాయదుర్గం

జవాబు: అమ్మా, 1953లో బళ్ళారి జిల్లాను పంచినప్పుడు మీ రాయదుర్గం, ఆదోని, ఆలూరు ఆంధ్రకొచ్చాయి, బళ్ళారి మైసూరుకు పోయింది. గీత ఎక్కడ గీసినా ఆ పక్క కొందరు, ఈ పక్క కొందరు మిగిలిపోతారు. అనంతపురంలో చరిత్ర పాఠాలు చెప్పినన్నాళ్ళూ ఈ సంగతి నన్ను వదల్లేదు.

ఫిన్లాండు 1809 దాకా స్వీడన్ ఏలుబడిలో ఉండేది, ఆ తర్వాత రష్యా జార్ కిందికి పోయింది. అయినా కచేరీల్లో, చదువుల్లో చాలాకాలం స్వీడిష్‌దే పెత్తనం. అప్పటి సభలో ప్రభువులు, మతగురువులు, పట్టణవాసులు, రైతులు అని నాలుగు వర్గాలు. మొదటిదాంట్లో, మూడోదాంట్లో స్వీడిష్ వాళ్ళదే పైచేయి. జనం తక్కువైనా సగం సభ వాళ్ళ గుప్పిట్లోనే ఉండేదన్నమాట. 1906లో ఒక్క సంస్కరణతో అదంతా పోయింది. 200 మందితో ఒకే సభ, ఆడా మగా అందరికీ ఓటు. అప్పటికి స్వీడిష్ వాళ్ళు నూటికి 13 మంది లోపే. ఆ ఏడాదే ఆక్సెల్ లిల్లె నాయకత్వంలో స్వీడిష్ పీపుల్స్ పార్టీ పుట్టింది. హెల్సింకీ పెద్దమనుషులు పడమటి ఒస్ట్రోబోత్నియా ప్రాంతపు తీరంలో రైతుల గడపకూ, దీవుల్లో చేపలు పట్టేవాళ్ళ గడపకూ పోక తప్పలేదు. పార్టీకి ప్రాణం పోసింది అదేనని నా నమ్మకం. 1907 ఎన్నికల్లో 24 సీట్లు వచ్చాయి.

ఎన్నికల పద్ధతి కూడా కలిసొచ్చింది. అక్కడ ఒక్కో నియోజకవర్గం నుంచి పలువురు సభ్యులు ఎన్నికవుతారు, ఓట్ల వాటాను బట్టి సీట్లు పంచుతారు. మన పద్ధతే ఉంటే తీరంలో నాలుగు చోట్ల తప్ప గెలుపు కష్టమే.

1919 రాజ్యాంగం ఫిన్నిష్, స్వీడిష్ రెండింటినీ జాతీయ భాషలు చేసింది. ఒక ఊళ్ళో రెండో భాష వాళ్ళు 8 శాతమో, 3,000 మందో ఉంటే ఆ ఊరు ద్విభాషా మునిసిపాలిటీ. వాసా పట్టణం వీధి బోర్డుల మీద ఫిన్నిష్ పైన, స్వీడిష్ కింద ఉంటాయి. ఆనుకునే ఉన్న కోర్షోల్మ్‌లో స్వీడిష్ పైన. ఎవరు ఎక్కువుంటే వాళ్ళ భాష ముందు, అంతే.

అక్కడ ఏ పార్టీకీ ఒంటరిగా మెజారిటీ రాదు కాబట్టి ఈ చిన్న పార్టీ అందరికీ కావాల్సి వస్తుంది. 1979 నుంచి 2015 దాకా వరసగా ప్రభుత్వాల్లో ఉంది. దేశపు తొలి మహిళా రక్షణమంత్రి ఎలిసబెత్ రేన్ ఈ పార్టీ మనిషే. 1994 అధ్యక్ష ఎన్నికల్లో ఆమె కొద్దిలో ఓడిపోయారు.

2023లో మాత్రం టెన్షన్ తప్పలేదు. ఫిన్నిష్ పిల్లలకు బళ్ళో స్వీడిష్ తప్పనిసరి కాకూడదనే ఫిన్స్ పార్టీతోనే ప్రభుత్వంలో కూర్చోవాల్సొచ్చింది. సొంతవాళ్ళలోనే కొందరికి అది మింగుడుపడలేదు. నేనైతే తప్పు పట్టను. మంత్రి పదవుల పంపకంలో విద్యాశాఖ వీళ్ళ చేతికే వచ్చింది.