ఆకు ఈనెల గురించి రాసేటప్పుడు

చిరంజీవికి ఆశీస్సులు.

ఆకు ఈనెల మీద నువ్వు రాసిన వ్యాసం శ్రద్ధగా చదివాను. భాష హాయిగా సాగింది. ఒక్క వాక్యం దగ్గరే నాకు పేచీ: “కరువును తట్టుకోవడానికి చెట్లు ఈనెలను వలలా అల్లుకున్నాయి.” చెట్టు ఏదీ అనుకుని అల్లుకోలేదమ్మా. ఈనెల అమరికలో మొక్కకీ మొక్కకీ పుట్టుకతోనే చిన్న తేడాలుంటాయి. ఏ తేడా ఉన్న మొక్కల పిల్లలు ఎక్కువగా బతికాయో ఆ తేడా తరతరాలకూ నిలిచింది. ఇది చెప్పడానికి నాలుగు వాక్యాలు ఎక్కువైనా పరవాలేదు.

రెండో సంగతి, ఘనతంతా కరువుకే కట్టబెట్టావు. మరి పురుగులేవి?

జింకో అనే చెట్టు ఆకుతో మొదలుపెట్టు. అందులో ఈనెలు రెండేసిగా చీలుతూ అంచుదాకా పోతాయి, మళ్లీ కలవడం చాలా అరుదు. కాలువకు గండి పడితే చివరి ఆయకట్టు ఎండినట్టు, ఒక ఈనె తెగితే దాని అవతలి భాగానికి నీళ్లందవు. నిమ్మాకు అలా కాదు. ఎలెనీ కటిఫోరి, మార్సెలో మాగ్నాస్కో బృందం న్యూయార్క్‌లోని రాక్‌ఫెలర్ విశ్వవిద్యాలయంలో చేసిన పని 2010లో అచ్చయింది. నిమ్మాకు ఈనెకు చిల్లు పెట్టి, మెరిసే రంగునీళ్లు ఎక్కిస్తే, అవి చిల్లును చుట్టి చిన్న ఈనెల గుండా అవతలికి చేరాయి.

నన్ను ఎక్కువగా పట్టుకున్నది వాళ్ల లెక్క. ఏ ఈనే తెగదు, నీటి అవసరం ఎప్పుడూ మారదు అనుకుంటే, కొమ్మల్లా చీలిపోయే అమరికే తక్కువ ఖర్చు. ఈనె తెగే అవకాశాన్ని లెక్కలో చేరిస్తే మూసిన వలయాలు వచ్చాయి. అది వదిలేసి, నీటి అవసరం చోటు చోటుకీ మారుతుందని చేర్చినా వలయాలే వచ్చాయి! కొరికే పురుగు, మారే ఎండ, రెండూ ఒకే ఆకారానికి దారితీయగలవన్నమాట. అందుకే వలయం కనపడగానే “ఇది కరువు వల్ల” అని రాసేయకు.

వాతావరణం గురించి రాసేటప్పుడు ఖర్చు మర్చిపోవద్దు. పూల మొక్కల ఆకుల్లో చదరపు మిల్లీమీటరుకు సగటున 8 మిల్లీమీటర్ల పొడవు ఈనెలుంటాయి, మిగతా మొక్కల్లో సుమారు 2. ఈనెలు దట్టమైతే కణాలకు నీరు త్వరగా చేరుతుంది, ఆకు ఎక్కువ ఆహారం తయారుచేస్తుంది. కానీ ఈనె కట్టడానికి దాన్ని గట్టిపరిచే లిగ్నిన్ అనే పదార్థం కావాలి, పైగా పచ్చని కణాలకు చోటు తగ్గుతుంది. ఈ ముక్క లేకపోతే, అన్ని ఆకులూ దట్టంగా ఎందుకు లేవని పాఠకుడు అడుగుతాడు, న్యాయంగానే. పొడి నేలల్లో చిన్న ఆకులెక్కువ. చిన్న ఆకులో పెద్ద ఈనెలు దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి, నీటి ఎద్దడిలో ఒకదానికి గాలిబుడగ అడ్డుపడినా పక్కదారి దొరుకుతుంది.

వాతావరణాన్నీ పురుగునీ వేర్వేరు గదుల్లో పెట్టకు. సుమారు 5.6 కోట్ల ఏళ్ల క్రితం భూమి ఒక్కసారిగా వేడెక్కింది. అమెరికాలోని వయోమింగ్‌లో దొరికిన ఆ కాలపు శిలాజ ఆకుల మీద పురుగుల కొరుకుళ్లు బాగా పెరిగాయి. వేడి మారితే తినేవాళ్లూ మారతారు.

ఇక నాకు చాలా ఇష్టమైన ఉదాహరణ. మన జిల్లేడుకు చుట్టమైన మిల్క్‌వీడ్‌లో జిగట పాలు ఈనెల వెంటే పారతాయి. మోనార్క్ అనే సీతాకోకచిలుక గొంగళిపురుగు ముందు ఈనెను కొరికి, పాలు కారిపోనిచ్చి, తెగిన చోటుకు అవతలే తింటుంది. డేవిడ్ డసూర్డ్, థామస్ ఐస్నర్ 1987లో దీన్ని వివరించారు. మొక్క రక్షణ ఈనెల్లో ఉంది గనుక పురుగు దెబ్బ కూడా ఈనె మీదే!

మన జిల్లేడు మీద పెరిగే ప్లెయిన్ టైగర్ గొంగళిపురుగు ఈ మోనార్క్‌కు దగ్గరి బంధువు. వ్యాసం తిరగరాసే ముందు జిల్లేడు పొద దగ్గర ఓ పూట కూర్చో. గాటు ఏ ఈనె మీద ఉంది, పురుగు దానికి ఏ వైపు తిన్నది, రాసుకో. గాటు లేకుండా తింటుంటే అదీ రాయి. ఆ పాలు మాత్రం కళ్లలో పడనివ్వకు.