ఎయిట్ మైల్ రోడ్డుకు అటూ ఇటూ

ప్రశ్న: ఉద్యోగరీత్యా డెట్రాయిట్ ప్రాంతానికి వచ్చాం. ఇల్లు కొందామంటే, ఆ వీధిలో ఎలాంటివాళ్లు ఉంటారో మా రియల్టర్ చెప్పడం లేదు. తెలిసినవాళ్లేమో డెట్రాయిట్ ఊరికీ ఉత్తరాన ఉన్న శివార్లకూ సరిహద్దయిన ఎయిట్ మైల్ రోడ్డు దాటి ఊరివైపు వెళ్లొద్దంటున్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: రియల్టర్ మీద కోపం వద్దు. జాతి, మతం, పుట్టిన దేశం చూసి కొనేవాళ్లను ఒక పేటవైపు మళ్లించడం 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టానికి విరుద్ధం. మీ ప్రశ్నకు జవాబిస్తే ఆయన లైసెన్సుకే ముప్పు. నేరాల లెక్కలు, బడుల వివరాలు మీరే చూసుకోవాలి.

ఇక మనవాళ్ల మాట. ట్రాయ్, నోవై లాంటి శివార్లలో స్థిరపడినవాళ్లలో చాలామంది ఎయిట్ మైల్‌ను దేవుడు గీసిన గీతలా చూస్తారు. 1967లో డెట్రాయిట్‌లో చెలరేగిన అల్లర్లతో అటువైపున్న నల్లవారే ఊరిని నాశనం చేసుకున్నారని తీర్పు కూడా చెప్పేస్తారు. వాళ్లకు నేను చెప్పేది ఒకటే: డెట్రాయిట్‌లోనే పుట్టిన చరిత్రకారుడు థామస్ సుగ్రూ 1996లో ప్రచురించిన 'ది ఆరిజిన్స్ ఆఫ్ ది అర్బన్ క్రైసిస్' చదవండి. ఊరి పతనం అల్లర్లకు రెండు దశాబ్దాల ముందే మొదలైందని ఆయన ఆధారాలతో చూపించారు. 1947, 1963 మధ్య ఫ్యాక్టరీ ఉద్యోగాలు దాదాపు 1,34,000 పోయాయి. పని శివార్లకు తరలిపోయింది. నల్లవారిని మాత్రం ఆ శివార్లలో ఇల్లు కొననివ్వలేదు.

ఎలా ఆపారంటారా? ఎయిట్ మైల్ దగ్గర, డెట్రాయిట్‌లోని బర్‌వుడ్ వీధి వెనక గోడ చూడండి. 1941లో ఒక బిల్డర్ నల్లవారి పేట పక్కనే తెల్లవారికి ఇళ్లు కట్టబోతే, రుణాలకు హామీ ఇవ్వాల్సిన ఫెడరల్ సంస్థ ఒప్పుకోలేదు. రెండింటి మధ్య ఆరడుగుల ఎత్తున, అర మైలు పొడవున గోడ కట్టాక ఒప్పుకుంది. ఆ గోడ ఇప్పటికీ ఉంది. ఆటస్థలం దగ్గరి భాగం మీద రంగురంగుల బొమ్మలు వేశారు.

గ్రోస్ పాయింట్ అనే శివారులోనైతే రియల్ ఎస్టేట్ బ్రోకర్లు ఏకంగా మార్కులే వేసేవారు. కొనడానికి వచ్చినవాళ్ల ఒంటి రంగు ఎంత ముదురు, ఇంగ్లీషులో యాస ఎంత, బతికే తీరు అమెరికన్ తీరేనా అని ప్రైవేటు డిటెక్టివ్ చేత ఆరా తీయించేవారు. పోలండ్ మూలాలవారికి ఒక పాస్ మార్కు, యూదులకు అంతకన్నా పెద్దది. నల్లవారికి, ఆసియావారికి అసలు పరీక్షే లేదు, ప్రవేశం నిషిద్ధం. 1960లో ఈ బండారం బయటపడింది. ఆ ప్రశ్నలకు నా మార్కులెన్నో వేసుకుని చూశాను, మీరూ వేసుకోండి! 1923లోనే, అమెరికా పౌరసత్వం కోరిన భగత్ సింగ్ థింద్ కేసులో సుప్రీం కోర్టు భారతీయులు తెల్లవారు కారని తేల్చింది. మనం శివార్లలో దర్జాగా ఇళ్లు కొంటున్నామంటే అందులో నల్లవారి పోరాటం వాటా పెద్దదే.

మీకు నచ్చిన ఇల్లు పాతదైతే, దస్తావేజుల్లో 'కాకేసియన్లకు మాత్రమే' అన్న షరతు కనిపించవచ్చు. కంగారు పడకండి. అలాంటి షరతులను కోర్టులు అమలు చేయరాదని 1948లోనే సుప్రీం కోర్టు చెప్పింది. ఇప్పుడది చెల్లని కాగితం.

కాబట్టి ఇద్దరి మాటా పక్కన పెట్టి, పగలొకసారి, రాత్రొకసారి ఆ వీధిలో మీరే నడిచి చూడండి. ఇంకో సంగతి: ఇల్లు చేతులు మారాక మిషిగన్‌లో ఆస్తి పన్ను బాగా పెరగవచ్చు. అమ్మేవాళ్లు కడుతున్న పన్ను చూసి బడ్జెట్ వేసుకోకండి.