చేయి ఊపితే పాట వంగుతుందా?

ప్రశ్న: అన్నా, నమస్తే. దేవరకొండ దగ్గర పల్లె మాది. పెళ్ళిళ్ళకు, జాతరలకు తిరిగే ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తాను. చేతికి గ్లౌజు తొడుక్కుని గాలిలో చేయి కదిపితే సంగీతం వచ్చే వీడియోలు చూశాను. ధర చూస్తే లక్షల్లో ఉంది. బీటెక్ చదివే మా తమ్ముడు ‘నేనే చేసిస్తా’ అంటున్నాడు. మన స్టేజీల మీద ఇది పనికొస్తుందా, ఉత్త షోనా?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: పనికొస్తుంది తమ్ముడూ. ముందు నా పరువు పోయిన ముచ్చట విను.

మూడేళ్ళ కింద మిర్యాలగూడలో ఒక రిసెప్షన్. కుడిచేతి చూపుడు వేలికి సెన్సర్ ఉన్న ఉంగరం పెట్టుకున్నా. చేయి పైకెత్తితే కీబోర్డు శబ్దం విచ్చుకోవాలి, కిందికి దించితే మూసుకుపోవాలి. ఇంట్లో వారం రోజులు సాధన చేసిన. రెండో పాట చరణంలో ఉండగా పెళ్ళికూతురి మేనమామ మెట్లెక్కి వచ్చి ఐదు వందల నోటు ఇచ్చాడు. ఎడమచేత్తో కార్డ్ (కలిసి మోగే స్వరాల గుంపు) నొక్కి పట్టుకుని, కుడిచేత్తో నోటు తీసుకుని ప్యాంటు జేబులో కుక్కుతున్నా. చేయి కిందికి పోయింది, దాని వెంటే శబ్దం బావిలో పడ్డది. పాడే అమ్మాయి వెనక్కి తిరిగి నా మొహం చూసింది. మేనమామ మాత్రం ఐదు వందలు సరిపోలేదనుకున్నాడో ఏమో, ఇంకో నోటు తీశాడు.

ఆ మర్నాడే కాలి కింద ఒక పెడల్ పెట్టుకున్నా. పెడల్ తొక్కి ఉంటేనే ఉంగరం మాట చెల్లుతుంది, కాలు తీస్తే అది ఉత్త ఉంగరమే. నువ్వు ఏది కొన్నా, ఏది చేయించుకున్నా ముందుగా ఈ పెడల్ తాళంకప్ప పెట్టుకో. మనం స్టేజీ మీద చెమట తుడుచుకుంటాం, మైకు సర్దుతాం, కింద ఎవరో చేయి ఊపితే మనమూ ఊపుతాం. ఏది సైగ, ఏది అలవాటు అన్నది సెన్సర్‌కు తెలియదు.

ఇక దేనికి వాడాలి? స్వరాన్ని వంచడానికి, ఊపడానికి, శబ్దం నెమ్మదిగా విప్పడానికి. కీబోర్డులో రెండు చేతులూ కీల మీదే ఉంటాయి, స్వరాన్ని వంచే పిచ్ బెండ్ చక్రం తిప్పాలంటే ఒక చేయి తీయాలి. ఉంగరం ఉంటే నొక్కిన వేలినే కొంచెం ఆడించి జానపద పాటలో ఆ జారుడు తెప్పించొచ్చు. మిడిలో (వాయిద్యాలు, కంప్యూటర్లు మాట్లాడుకునే డిజిటల్ భాష) మామూలు కంట్రోల్‌కు 0 నుంచి 127 దాకా 128 మెట్లే, పిచ్ బెండ్‌కు 16,384. అందుకే స్వరం జారేటప్పుడు మెట్లు దిగినట్టు వినపడదు. ఒక పాటకు ఒక సైగ చాలు. రెండోది పెట్టిన ప్రతిసారీ నేను మొదటిది మర్చిపోయిన.

దరువుకు మాత్రం వద్దు. గాలిలో డప్పు కొట్టినట్టు చేసి శబ్దం రప్పించే వీడియోలు బాగానే ఉంటాయి. కానీ చిర్ర పుల్ల తోలుకు తగిలి వెనక్కి ఎగిరే దెబ్బ గాలిలో ఏది? పైగా సెన్సర్ సిగ్నల్ బ్లూటూత్ మీద వస్తుంది, అందులో ఆలస్యం ఉంటుంది. పది మిల్లీసెకన్లంటే స్పీకరు నుంచి మూడున్నర మీటర్లు వెనక్కి జరిగి విన్నట్టు, దానికి చెవి అలవాటు పడుతుంది. ఒకసారి పది, ఒకసారి నలభై అయితే చచ్చినా పడదు. బ్లూటూత్ హెడ్‌ఫోన్‌తో వింటూ వాయించడం ఇంకా ఘోరం.

మీ తమ్ముడికి ఈ మాటలు చదివి వినిపించు. ఈఎస్పీ32 అనే బ్లూటూత్ ఉన్న చిన్న కంప్యూటర్ బోర్డు, ఎంపీయూ6050 అనే కదలిక సెన్సర్ కలిపినా వందల్లోనే అవుతుంది. ఆ సెన్సర్‌లో వంపును, కుదుపును కొలిచే యాక్సిలరోమీటరు, తిరిగే వేగాన్ని కొలిచే గైరో ఉంటాయి. చేయి పైకీ కిందికీ వంచడం, పక్కకు దొర్లించడం వరకు భూమ్యాకర్షణ ఆధారం దొరుకుతుంది కాబట్టి లెక్క తప్పదు. ఎడమకూ కుడికీ తిప్పే సైగ పెట్టుకోవద్దను. దానికి ఆధారం లేక మెల్లగా జారిపోతుంది. దిక్సూచి సెన్సర్ కలిపితే సరిపోతుంది కదా అంటాడు. మన స్టేజీ మీద స్పీకర్ల అయస్కాంతాలు, చుట్టూ ఇనుప పైపులు. దిక్సూచికి పిచ్చెక్కుతుంది.

డప్పును మంట దగ్గర కాచకుండా ఎవరూ దరువెయ్యరు కదా. దీనికీ అలాంటి పని ఒకటుంది. ఆన్ చేశాక కొన్ని క్షణాలు బల్ల మీద కదలకుండా ఉంచాలి. తొందరలో వేలికి పెట్టుకుని ఆన్ చేస్తే, చేయి ఆపినా స్వరం పాకుతూనే ఉంటుంది. సిగ్నల్ అందుకునే ఫోనో లాప్‌టాపో నీ పక్కనే ఉండాలి, జనం అవతల మిక్సర్ దగ్గర పెడితే మనుషుల ఒళ్ళే సిగ్నల్‌ను తాగేస్తాయి.

గ్లౌజా, ఉంగరమా అంటే మే నెల నల్లగొండ పెళ్ళిళ్ళు తలుచుకుని ఉంగరమే అంటా. గ్లౌజుల వెనక గొప్ప చరిత్ర ఉంది, కాదనను. 1984లో ఆమ్‌స్టర్‌డామ్‌లో డచ్ సంగీతకారుడు మిషెల్ వైస్విస్ ‘ది హ్యాండ్స్’ అనే సెన్సర్ల పరికరం చేతులకు తొడుక్కుని వాయించాడు. 1991లో లెటీసియా సొనామి అనే సంగీతకారిణి వంటింటి రబ్బరు గ్లౌజులకు అయస్కాంతం, సెన్సర్లు అతికించి మొదలుపెట్టింది. నువ్వు చూసిన మిము గ్లౌజులు బ్రిటిష్ గాయని ఇమోజెన్ హీప్ బృందం చేసినవి. వాళ్ళు పాడేది మాత్రం మన షామియానా కింద కాదు.

ప్రశ్న: మా పెద్దనాన్న కిన్నెర వాయిస్తారు. ఆయన చేతికి ఇలాంటిది పెట్టొచ్చా?
– ఒక పాఠకురాలు, నాగర్‌కర్నూల్

జవాబు: చేతికి వద్దమ్మా. మీ జిల్లా కిన్నెర కళాకారుడు దర్శనం మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ తెచ్చిన వాయిద్యమది, వేళ్ళను వాటి మానాన వదిలేయండి. ముందు సొరకాయ బుర్రకు అంటించే చిన్న కాంటాక్ట్ మైకు కొనండి. జాతర రొదలో కిన్నెర వినపడకపోవడమే అసలు బాధ. తర్వాత కూడా ముచ్చట తీరకపోతే సెన్సర్‌ను కాలి గజ్జెల పక్కన కట్టి, పాదం కదిపితే శ్రుతి మొదలయ్యేలా పెట్టుకోవచ్చు. మీ పెద్దనాన్న ‘గజ్జెలున్నయి కదా, ఇదెందుకు?’ అని అడిగితే నా దగ్గరా జవాబు లేదు.