కొత్త పేపరు వద్దు, మూడో దినానికి పంపండి

రెండేళ్ల బైబిల్ ట్రైనింగ్ కోర్సును ఆసియా సంస్కృతికి తగ్గట్టు మార్చాలంటే ఏ పేపరు చేర్చాలని దేవరకొండ నుంచి ఒకరు అడిగారు. ఏదీ చేర్చకండి. పేపరు చేరిస్తే దానికో ఇంగ్లీషు పుస్తకం వస్తుంది, పుస్తకానికి గైడు వస్తుంది, గైడులోని ఐదు పాయింట్లు పరీక్షలో దిగుతాయి. అంతటితో సరి.

'కాంటెక్స్చువలైజేషన్' (సువార్తను అక్కడి సంస్కృతికి తగ్గట్టు చెప్పడం) అనే మాటను 1972లో ముందుకు తెచ్చింది తైవాన్ మనిషి షోకీ కో. దానికి నాలుగు మెట్లు కట్టిన మానవశాస్త్రవేత్త పాల్ హీబర్ట్ 1932లో మన శంషాబాద్‌లోనే మిషనరీల ఇంట పుట్టాడు. ఇక్కడి అనుభవమే అమెరికా పోయి, పుస్తకమై, ఇంగ్లీషులో మన క్లాసుకు తిరిగొచ్చి బట్టీ పాఠమైంది!

ఆయన ముచ్చింతల అనే ఊరి సంగతి ఒకటి రాశాడు. ఊళ్లో అమ్మవారు (మశూచి) పోసింది. మైసమ్మకు కోపమొచ్చిందని, దున్నపోతును బలియ్యాలని సోది చెప్పినాయన అన్నాడు. ఇంటింటికీ చందా వేస్తే క్రైస్తవులు ఇవ్వమన్నారు. బావి నీళ్లు బంద్, దుకాణంలో సరుకు బంద్. ఇంతలో వాళ్లలోనే ఒక పిల్లకు అమ్మవారు పోసింది. ప్రార్థన చేయమని అడిగితే మోకరించిన మిషనరీకి లోపల ఒకటే గుబులు. సెమినరీ పరలోకం గురించి నేర్పింది, సైన్సు క్రిమి గురించి నేర్పింది. ఆ రెంటికీ నడుమ మైసమ్మ కూర్చున్న అర గురించి ఎవరూ నేర్పలేదు. మన సిలబస్‌లో ఆ అర ఇప్పటికీ ఖాళీయే.

దాన్ని నింపాలంటే చావు దగ్గర మొదలుపెట్టండి. మూడో దినం పిట్టకు పెట్టే చోటికి విద్యార్థులను ఇద్దరిద్దరిగా పంపండి. ఏం వండారు, విస్తరి ఎవరు పెట్టారు, పోయినాయన తాగే కల్లు పెట్టారా, పిట్ట ముట్టకపోతే ఎవరేమన్నారు, ఇవన్నీ రాసుకురావాలి. ఇదే మొదటి మెట్టు. తీర్పు చెప్పొద్దు. పని చెడేది ఇక్కడే. పుస్తకం తీయగానే మనవాళ్లు 'సైతాను పని' అని రాసేస్తారు. పక్కన పాస్టరు ఉంటే ఇంటివాళ్లు "మాకు అసొంటియి లేవు అయ్యగారూ" అంటారు, చీకటి పడ్డాక చాటుగా వెళ్లి పెట్టొస్తారు. కాబట్టి పాస్టరును వదిలి ముసలమ్మలను అడగాలి, అదీ వాళ్లు చేస్తున్న పనిలో ఓ చెయ్యి వేస్తూ.

తర్వాత రెండో మెట్టు, చావు గురించి చెప్పే 1 థెస్సలొనీకయులకు 4, యోహాను 11 క్లాసులో చదవండి. ఇది తేలిక, ఎలాగూ చేస్తారు. కష్టమైంది మూడో మెట్టు. ఏది ఉంచాలి, ఏది విడవాలి అన్నది ఊరి సంఘం కూర్చుని తేల్చాలి. సారు తేల్చి నోట్సు చెబితే ఆచారం పోదు, దాక్కుంటుంది. పిట్ట ముట్టలేదన్న భయం విడిచి, అదే వంట చుట్టుపక్కల వాళ్లకు పెట్టి ఆదరణ కూడిక జరుపుకుందామని వాళ్లే అంటే నాలుగో మెట్టు దానంతటదే పడుతుంది. ఆరు నెలలకు మళ్లీ వెళ్లి, ఇంకా ఎవరైనా చాటుగా పెడుతున్నారా అని అదే ముసలమ్మలను అడగండి. మార్కుల్లో సగం ఆ సంఘ పెద్దల చేత వేయించండి. లెక్చరర్లకు నచ్చదు, నచ్చకపోతే మానె.

ఇంకోటి. పాలమూరు పిల్లలున్న క్లాసులో పరలోక ప్రార్థనకు రాగానే 'ఋణములు' అన్న చోట గ్రీకు మాట రాసి అరగంట చెబుతారు. గ్రీకు తప్పు కాదు. ముందు వలస కూలీలను అడ్వాన్సు ఇచ్చి తీసుకెళ్లే గుంపు మేస్త్రీ లెక్క బోర్డు మీద వేయించండి. అడ్వాన్సు ఎంత, కూలీలో నెలకు ఎంత కోత, జ్వరమొచ్చి పడుకున్న రోజులు ఎవరి ఖాతాలో రాశారు, సంవత్సరం తిరిగాక బాకీ ఎంత మిగిలింది. ఆ లెక్క వేయగల పిల్లలు వెనక బెంచీలోనే ఉంటారు. 'మా ఋణములు క్షమించుము' అన్న మాట వాళ్ల చేత అప్పుడు చదివించండి.