మీ ప్రశ్న – నా జవాబు: 1983

పోయిన సంచికలో ఓ జవాబు రాస్తూ, 1983లో విజయవాడలో ఓ దినపత్రికలో సబ్‌ఎడిటర్‌గా రాత్రి డ్యూటీలు చేసేవాణ్నని అన్నాను. అంతే, ఈసారి ఉత్తరాలన్నీ ఆ ఏడాది మీదే వచ్చాయి. వాటిలో కొన్ని:

కపిల్‌దేవ్ వరల్డ్ కప్ అందుకోవడం టీవీలో లైవ్ చూశారా? మా నాన్నగారు చూశానంటారు. – ఒక పాఠకుడు, పార్వతీపురం

నాన్నగారు ఆ రోజు హైదరాబాదులోనో మద్రాసులోనో ఉంటే చూసే ఉంటారు. పార్వతీపురంలో కూర్చుని చూశానంటే మాత్రం, మంచి మూడ్‌లో ఉన్నప్పుడు ఇంకోసారి అడగండి. విజయవాడలో మా వీధి మొత్తానికి అప్పటికి ఒక్క టీవీ లేదు.

జూన్ 25, శనివారం, లార్డ్స్‌లో వెస్టిండీస్‌తో ఫైనల్. మనవాళ్లు 183కి ఆలౌట్. శ్రీకాంత్ కొట్టిన 38 పరుగులే అందరిలోకీ ఎక్కువ. దూరపు ఊళ్లకు వెళ్లే డాక్ ఎడిషన్ ఎవరి కోసమూ ఆగదు కదా, 183 దగ్గరే పేజీ మూసి పంపేశాం. ఆ తర్వాత మదన్‌లాల్ బౌలింగ్‌లో వాళ్ల స్టార్ బ్యాట్స్‌మన్ రిచర్డ్స్ గాల్లోకి లేపితే కపిల్ వెనక్కి పరిగెత్తి పట్టేశాడు. రిచర్డ్స్ 33. అక్కణ్నుంచి డెస్కులో ఎవరూ కుర్చీల్లో లేరు. అర్ధరాత్రి కావస్తుండగా వెస్టిండీస్ 140కి ముగిసింది, 43 పరుగుల తేడాతో కప్పు మనది. "మళ్లీ పేజీ విప్పాలా?" అని మా కంపోజింగ్ ఫోర్‌మన్ విసుక్కున్నాడు, ట్రాన్సిస్టర్ చెవి దగ్గర్నుంచి తియ్యకుండానే. సిటీ వాళ్లకు ఆదివారం పొద్దున్నే గెలుపు అందింది. డాక్ ఎడిషన్ ఊళ్ల వాళ్లు పేపర్లో 183 చూసి నిట్టూర్చి, పక్కింటి రేడియో మాట నమ్మాలో లేదో తేల్చుకోలేకపోయారట.

ఇంకో మాట. అంతకు వారం ముందు, జూన్ 18న టన్‌బ్రిడ్జ్ వెల్స్‌లో జింబాబ్వే మీద 17 పరుగులకే 5 వికెట్లు పోయాక కపిల్ 138 బంతుల్లో 175 నాటౌట్ కొట్టాడు చూడండి, ఆ మ్యాచ్‌కి టీవీ కెమెరాలే లేవు. అయినా అది "కళ్లారా చూసినవాళ్లు" నాకే నలుగురైదుగురు తెలుసు.

ఆ జట్టులో మన హైదరాబాద్ వాళ్లెవరూ లేరా? – ఒక పాఠకురాలు, సికింద్రాబాద్

మేనేజరు పి.ఆర్. మాన్‌సింగ్ హైదరాబాదీయే. ఇక మీ ఊళ్లో పుట్టినవాడు సునీల్ వాల్సన్. ఆడింది ఢిల్లీకి, అది వేరే సంగతి. ఆ కప్పులో ఒక్క మ్యాచ్‌లోనూ దింపలేదు పాపం.

ఎన్టీఆర్ గెలుస్తారని మీ పత్రికల వాళ్లకు ముందే తెలుసా? – ఒక పాఠకుడు, నల్గొండ

గెలవచ్చని అనుకున్నాం. అంత గెలుపని అనుకోలేదు. 294 సీట్లలో 200 దాటాయి. పార్టీ పెట్టింది 1982 మార్చి 29న, పోలింగ్ 1983 జనవరి 5న. మధ్యలో నిండా ఏడాది కూడా లేదు.

మా సీనియర్లు "సినిమా జనం చూడ్డానికొస్తారు, ఓటెయ్యరు" అని బల్లగుద్ది చెప్పేవారు. ఎన్టీఆర్ ప్రచార వ్యాను చైతన్యరథం వెళ్లిన ఊళ్లలో ఆడవాళ్లు అర్ధరాత్రి దాకా హారతి పళ్లేలు పట్టుకుని ఎదురుచూస్తున్నారని విలేకరులు ఫోన్లో చెబుతుంటే, అందులో సగం కొట్టేసి అచ్చువేశాం. ఐదేళ్లలో నలుగురు ముఖ్యమంత్రులు: చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి. వరసగా ఆ పేర్లు చదివితే చాలు, జనం ఎందుకు విసిగారో అర్థమైపోతుంది. జనవరి 9న ప్రమాణం రాజ్‌భవన్‌లో కాదు, లాల్‌బహదూర్ స్టేడియంలో, జనం ముందు. కర్ణాటకలోనూ అదే నెలలో కాంగ్రెస్ ఓడి రామకృష్ణ హెగ్డే వచ్చారు. మనవాళ్లు ఆ సంగతి ఎప్పుడూ చెప్పుకోరు.

ఎన్టీఆర్ పేరెత్తితే మా తాతగారికి కోపం. రెవెన్యూ శాఖలో చేసేవారు. ఎందుకంటారు? – ఒక పాఠకురాలు, డల్లాస్

మీ తాతగారికి ఆ ఏడాది 55 నిండి ఉంటాయి! గద్దెనెక్కిన నెలకే, ఫిబ్రవరిలో, ఉద్యోగుల రిటైర్మెంట్ వయసు 58 నుంచి 55కి దించారు. నెలాఖరుకు వేల మంది ఒక్కసారిగా ఇంటికి. మా పక్కవాటాలో ఉన్న ఒక యూడీసీ (అప్పర్ డివిజన్ క్లర్క్) గారు, కూతురి పెళ్లి ముహూర్తం పెట్టుకుని, మూడేళ్ల జీతం లెక్కేసుకుని అప్పు చేశారు. జనవరిలో సైకిలు గుర్తుకే ఓటేశారాయన. తర్వాతి ఏడాది మళ్లీ 58 అన్నారు. రెండ్రూపాయల కిలో బియ్యం ఆ ఏప్రిల్‌లోనే మొదలైంది. ఒకే సర్కారు, ఒకే ఏడాది. ఎవరి ఇంట్లో అడిగితే ఆ 1983 చెబుతారు.

'సాగర సంగమం', 'ఖైదీ' – మీ ఓటు దేనికి? – ఒక పాఠకుడు, ఏలూరు

జూన్‌లో మొదటిది, అక్టోబర్‌లో రెండోది. మొదటిదానికి ఇళయరాజాకూ, బాలూకూ జాతీయ అవార్డులొచ్చాయి. రెండోదానికి చిరంజీవి దొరికాడు. నేను మొదటిదానికి ఏడ్చాను, రెండోదానికి ఈలేశాను. ఓటు రహస్యం.

మారుతి కారు కూడా ఆ ఏడాదే కదా? మీరెప్పుడు కొన్నారు? – ఒక పాఠకుడు, తణుకు

డిసెంబర్ 14న ఇందిరాగాంధీ మొదటి తాళాలు అందించారు. ధర 47,500. మా ఇంట్లో అప్పుడు స్కూటర్ బుకింగ్ రసీదు ఉంది, స్కూటర్ లేదు.

1983 అంటే మీ తరం ఎప్పుడూ సంబరమే రాస్తుంది. మరేమీ జరగలేదా? – ఒక పాఠకురాలు, ఖమ్మం

జరిగింది. ఫిబ్రవరి 18న, అస్సాంలో నెల్లీ. వలస వచ్చినవాళ్లకు వ్యతిరేకంగా అక్కడ ఉద్యమిస్తున్న ఆందోళనకారులు బహిష్కరించినా బలవంతంగా ఎన్నికలు పెట్టారు. ఓటేశారన్న కసి ఒకటి, వలస వచ్చినవాళ్లన్న పాత పగ ఇంకొకటి. నెల్లీ చుట్టుపక్కల పల్లెల్లో కొన్ని గంటల్లో చంపేసిన బెంగాలీ ముస్లింలు ప్రభుత్వ లెక్కలోనే 1,800కు పైన. ఎక్కువమంది పరిగెత్తలేని ఆడవాళ్లు, పిల్లలు. టెలిప్రింటర్ మీద అంకె గంటగంటకూ మారుతుంటే హెడ్డింగు ఏం పెట్టాలో ఎవరికీ తోచలేదు. మూడు వారాలు తిరక్కుండానే ఢిల్లీలో అలీన దేశాల సదస్సు. కాస్ట్రో ఇందిరను కావలించుకున్న ఫొటో అందరికీ గుర్తుంది. నెల్లీ ఎక్కడుందని ఈ తరం జర్నలిస్టులనే అడిగి చూడండి.

కప్పు గెలిచాక వెస్టిండీస్ మనమీద పగ తీర్చుకుందా? – ఒక పాఠకుడు, కర్నూలు

అక్టోబర్‌లోనే వచ్చారు. ఐదు వన్డేలూ వాళ్లవే, ఆరు టెస్టుల్లో మూడు వాళ్లవి, మిగతావి డ్రా. గవాస్కర్ మద్రాసులో 236 నాటౌట్‌తో 30వ టెస్టు సెంచరీ చేసి బ్రాడ్‌మన్ రికార్డును దాటాడు. కపిల్ అహ్మదాబాద్‌లో ఒకే ఇన్నింగ్స్‌లో 83 పరుగులిచ్చి 9 వికెట్లు తీశాడు. ఆ మ్యాచ్ ఓడిపోయాం.