కొత్త బ్యాటరీ వేసినా వోల్టేజి తక్కువని చూపిస్తుంటే

బ్యాటరీ మార్చినా డ్యాష్‌బోర్డులో ఎర్ర గుర్తు మళ్లీ వెలుగుతోందని, స్కానర్ పి0562 అనే లోపం కోడ్ చూపిస్తోందని, మెకానిక్ ఇక ఆల్టర్నేటర్ (ఇంజను తిరుగుతుంటే కరెంటు పుట్టించి బ్యాటరీని ఛార్జ్ చేసే భాగం) మార్చాలంటున్నాడని రాశారు. తొందరపడకండి. వోల్టేజి తక్కువగా ఉందని మాత్రమే ఆ కోడ్ చెబుతుంది, ఎక్కడ తగ్గిందో చెప్పదు.

నా కారుదీ ఇదే జబ్బు. సెల్ఫ్ చురుగ్గానే తిరిగేది. ఇంజను నడుస్తుండగా హెడ్‌లైట్లు, ఏసీ ఫ్యాను, వెనక అద్దం హీటరు వేస్తే మాత్రం బ్యాటరీ దగ్గర 12.5 వోల్టులే వచ్చేవి. 13.8కి పైన ఉండాలి. అవన్నీ అలాగే ఉంచి ఆల్టర్నేటర్ వెనక లావు వైరు బిగించే బోల్టు దగ్గర కొలిస్తే 14.1! అంటే కరెంటు పుడుతోంది, దారిలో పోతోంది.

ఎటు పోతోందో తేల్చడానికి మీటరును డీసీ వోల్టుల మీదే ఉంచి, ఒక కొన ఆ బోల్టుకు, రెండోది బ్యాటరీ ప్లస్‌కు తాకించాను. 0.2 లోపు రావాలి, 1.5 వచ్చింది. ఎర్త్ వైపు, అంటే ఇంజను ఒంటి నుంచి మైనస్‌కు, 0.1 మాత్రమే. ఇక బానెట్ కింది ఫ్యూజు పెట్టె మూత తీస్తే, ఆల్టర్నేటర్ వైరు వచ్చి చేరే నట్టు వదులై, చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకు మాడి బుడగలు లేచి ఉంది. నట్టు బిగిస్తే సరిపోదు. మైనస్ ముందుగా విప్పి, కాలిన టెర్మినల్ కత్తిరించి కొత్తది వేయించి, మెయిన్ ఫ్యూజు కూడా మార్పించాను. ఇప్పుడు అదే లోడుకు బ్యాటరీ దగ్గర 13.9.

ఈ పనికి మీటరులో వైరు నిరోధం కొలిచే ఓమ్ స్కేలు నమ్మకండి. ఒక్క పోగు మిగిలిన వైరును కూడా అది బాగుందనే చూపిస్తుంది. లోడు పడితేనే దాని గుట్టు బయటపడేది. కొలిచేటప్పుడు తీగలు బెల్టుకు దూరంగా ఉంచండి, ఆ బోల్టుకూ ఇంజను ఒంటికీ మధ్య లోహం తగలనివ్వకండి. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి చూసే పాత పద్ధతిని ఎవరు చెప్పినా చేయనివ్వకండి. వోల్టేజి ఒక్కసారిగా ఎగసి కారులోని కంప్యూటర్‌ను కాల్చేయగలదు.

కొన్ని కొత్త కార్లు కావాలనే ఛార్జింగ్ తగ్గిస్తాయి, కాబట్టి లైట్లు వేశాకే అంకె చూడండి. 2000 ఆర్‌పీఎం దగ్గర కూడా ఆల్టర్నేటర్ బోల్టు వద్దే 13.5 దాటకపోతే, బెల్టు బిగువు చూసి, ఆ తర్వాత మీ మెకానిక్ మాట వినండి.