ఇసుక తిని ఎవరు బతుకుతారు?

పెరంబూర్, చెన్నై

ఒరేయ్ చిన్నా,

బెంగళూరు ఫ్లాట్‌లో 200 లీటర్ల ఉప్పునీటి ట్యాంకు పెట్టావని మొన్న రాత్రి మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సంతోషం పట్టలేక పెదనాన్నని నిద్రలేపి మరీ చెప్పాను. "సముద్రం లేని ఊళ్ళో సముద్రం పెట్టాడన్నమాట" అని ఆయన అటు తిరిగి పడుకున్నారు. పొద్దున్నే నువ్వు పంపిన లిస్టు చూస్తూ కూర్చుంటే మాత్రం నా కాఫీ చల్లారిపోయింది. ఇసుక శుభ్రం చేసే టీమట! ఇసుక నక్షత్రం అనే నక్షత్రపు చేప ఒకటి, డైమండ్ గోబీ చేప ఒకటి, సముద్ర దోసకాయ అనే ప్రాణి ఒకటి, నత్తలు 20, హెర్మిట్ పీతలు 10. ట్యాంకు పెట్టి 3 వారాలు కూడా కాలేదు.

పనిమనుషుల్ని కుదుర్చుకున్నట్టు రాశావురా. ఒక్కోదాని పక్కన అది చేసే పని రాశావు, ధర రాశావు. ఏం తింటుందో ఒక్కదాని పక్కనా రాయలేదు.

ముందు నీ టెన్షన్ సంగతి. ఫోటోలో ఇసుక మీద కాఫీపొడి చల్లినట్టుందే, అది మురికి కాదు. డయాటమ్‌లు, కంటికి ఆనని నాచు. నీళ్ళలో, ఇసుకలో ఉన్న సిలికేట్ వాడుకుని దాదాపు కొత్త ట్యాంకులన్నిట్లోనూ వస్తుంది. కొన్ని వారాలకి దానంతటదే తగ్గుతుంది. బోరు నీళ్ళు పొయ్యకు, ఆర్ఓ తర్వాత డీఐ, అంటే మిగిలిన లవణాల్ని కూడా తీసేసే రెసిన్, పెట్టిన ఫిల్టర్ నీళ్ళే పొయ్యి. ఆ గోధుమరంగు చూసి కంగారుపడి నత్తల్ని కొనుక్కొస్తే, అది పోయాక అవి పస్తులుంటాయి. అదే ముదురు ఎరుపులో పొరలాగా, బుడగలతో లేస్తే అది వేరే, నాచులా కనిపించే సయనోబాక్టీరియా. దాన్ని ఏ నత్తా సరిగ్గా తినదు. తిండి తగ్గించి, నీళ్ళ కదలిక పెంచి, గొట్టంతో లాగెయ్యాలి.

మిగతావి నీకు తెలిసినవే. నీళ్ళలో పుట్టే విషాలు అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా అని టెస్ట్ కిట్ చూపించేదాకా ఏ ప్రాణినీ తేకు. ఉప్పునీటి సాంద్రత 1.025 దగ్గర కదలకుండా ఉంచు. రాళ్ళు ఇసుక మీద కాదు, అడుగు గాజు మీద ఆనాలి, లేకపోతే ఇసుక తవ్వే చేప ఏదైనా వచ్చిన రోజు మొత్తం కూలుతుంది.

ఇక ఆ ఇసుక నక్షత్రం. దాని గురించి నీకు చెప్పాలనే ఈ ఉత్తరం మొదలుపెట్టాను, ఇంతవరకూ ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

1997లో, సంక్రాంతి సెలవులు అయిపోయాక, కాలేజీ ల్యాబ్‌కి నమూనాలు కావాలని తెల్లవారుజామున కాశిమేడు హార్బర్‌కి వెళ్ళాను. చేపలతో పాటు వలలో పడి, ఎవరికీ అక్కర్లేక గట్టు మీద పారేసిన వాటిలో ఇసుక నక్షత్రాలు బోలెడు. మన తీరంలో దొరికే ఆస్ట్రోపెక్టెన్ ఇండికస్. ఐదు చేతులు, అంచుల వెంట దువ్వెన పళ్ళలాంటి ముళ్ళు. తక్కినవన్నీ ఫార్మలిన్ సీసాల్లోకి పోయాయి. ఒకటి మాత్రం బకెట్లో ఇంకా చేతులు కదిలిస్తోంది. మనసొప్పక ఇంటికి తెచ్చాను.

అప్పుడు మాది మూడడుగుల ట్యాంకు. ఉప్పు ప్యాకెట్లు కొని కలుపుకునే రోజులు కావు. పెదనాన్న ఆదివారం ఆదివారం స్కూటర్ మీద ఊరి బయట ఉన్న కోవళం దాకా (కేరళది కాదు) వెళ్ళి క్యాన్లతో సముద్రపు నీళ్ళు తెచ్చేవారు. ఆ నీళ్ళు కారీ కారీ స్కూటర్లో కాళ్ళు పెట్టుకునే రేకు తుప్పుపట్టి చిల్లుపడింది. వాన రోజున ఆయన ప్యాంటు మీద బురద చిమ్మితే నా వైపు చూసేవారు, ఒక్క మాట అనేవారు కాదు.

నక్షత్రాన్ని వదలగానే మునివేళ్ళతో తవ్వుకున్నట్టు క్షణంలో ఇసుక కింద మాయమైంది. నెల తిరిగేసరికి ఇసుక ముగ్గుపిండిలా తయారైంది. అంతకుముందు గాజు పక్కనుంచి చూస్తే ఇసుకలో సన్నటి పురుగులు, చుక్కల్లాంటి రొయ్యపిల్లల్లాంటివి, పెసరగింజంత నత్తలు, వాటి సన్నటి దారులు కనిపించేవి. అవేవీ లేవు. ఎంత శుభ్రంగా ఉందో అనుకున్నాను. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళనీ ట్యాంకు ముందు కూర్చోబెట్టి చూపించాను.

ఆ ఎండాకాలం మీ అమ్మ పురిటికి మా ఇంటికి వచ్చింది. అమ్మమ్మ అప్పటికే లేదు కదా, పుట్టిల్లంటే నా ఇల్లే. నువ్వు కడుపులో ఉన్నావు. దానికి పొద్దస్తమానం ఆకలే. పళ్ళెంలో ఏదో ఒకటి పెట్టుకుని ట్యాంకు ముందు కూర్చునేది. ఒకరోజు జంతికలు నములుతూ అడిగింది, "అక్కా, దీనికేం పెడుతున్నావు?"

"ఏం పెట్టక్కర్లేదే. ఇసుకలో మురికి తింటుంది."

"ఇసుక తిని ఎవరు బతుకుతారే?" అని నవ్వింది.

నేను జువాలజీ చెప్పేదాన్ని, అదేమో బీకామ్. నీకేం తెలుసులే అన్నట్టు ఊరుకున్నాను. రెండ్రోజులాగి మళ్ళీ అంది, "దానికి ఆకలేస్తోందక్కా, చేతులు చూడు." నిజంగానే చేతుల కొసలు సన్నబడ్డాయి. పగలు కూడా ఇసుక మీదకొచ్చి గాజు అంచు వెంట తిరుగుతోంది. హుషారుగా ఉంది కాబోలు అనుకున్నాను. నువ్వు సెప్టెంబర్లో పుట్టావు. ఆసుపత్రికీ ఇంటికీ తిరుగుతూ నాలుగు రోజులు ట్యాంకు వైపు చూడలేదు. వచ్చి చూస్తే ఒక చెయ్యి విడిగా పడుంది. మర్నాటికి ముద్దయిపోయింది.

నీళ్ళలో ఏదో తేడా వచ్చిందనుకుని నీళ్ళు మార్చాను. పెదనాన్న మళ్ళీ కోవళం వెళ్ళారు. నేను మళ్ళీ కాశిమేడు వెళ్ళి ఇంకొకటి తెచ్చాను. అది నాలుగు నెలలు కూడా లేదు. ఈసారి కుళ్ళకముందే తీసి ల్యాబ్‌కి తీసుకెళ్ళి కోశాను. కడుపు ఖాళీ. ఐదు చేతుల్లోనూ నిండుగా ఉండాల్సిన జీర్ణగ్రంథులు, ఆ జీవి తిండి దాచుకునేది వాటిలోనే, దారపు పోగుల్లా ఎండిపోయి ఉన్నాయి.

సిగ్గెక్కడంటే, అప్పటికి పదేళ్ళుగా కాలేజీ పిల్లలకి అదే పాఠం చెబుతున్నాను. ఆస్ట్రోపెక్టెన్ వేటాడే జీవి. చిన్న నత్తల్నీ ఆల్చిప్పల్నీ పట్టి అమాంతం మింగుతుంది. దానికి మలద్వారం లేదు, జీర్ణం కాని గుల్లల్ని మళ్ళీ నోటి నుంచే బయటికి తోస్తుంది. క్లాసులో ఎన్నింటిని కోసి, కడుపులోంచి చిట్టి గుల్లల్ని పట్టకారుతో తీసి చూపించలేదు! ఇంట్లో మాత్రం అది నాకు చీపురుకట్ట. ముగ్గుపిండి లాంటి ఆ ఇసుక శుభ్రం కాదురా, గిన్నె ఊడ్చి తినేస్తే మిగిలే ఖాళీ. ఇసుకని నిజంగా శుభ్రంగా ఉంచే పురుగుల్ని, నత్తల్ని మొదటిది తినేసి, తర్వాత ఆకలితో పోయింది. రెండోదాన్ని నేను ఏమీ మిగలని ఇంట్లోకి తెచ్చి పెట్టాను.

అందుకని నక్షత్రం కొట్టెయ్. నీ 200 లీటర్లలో దానికి ఏడాదికి సరిపడా తిండి పుట్టదు.

సముద్ర దోసకాయ కూడా కొట్టెయ్. అది నిజంగానే ఇసుక మింగి, అందులో అంటుకున్న తిండిని తీసుకుని, ఇసుకని వదిలేస్తుంది, కాదనను. కానీ 2001 నుంచి మన దేశంలో సముద్ర దోసకాయలన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవులు. పట్టినా, అమ్మినా నేరం. మేం చదువుకునేటప్పుడు టూర్‌కి మండపం వెళ్తే ఒడ్డున వాటిని ఉడకబెట్టి ఎండబెట్టేవాళ్ళు. ఎగుమతికి. అక్కడివాళ్ళు కడల్ అట్టై అంటారు. ఆ గుట్టల్ని చూసినదాన్ని కాబట్టి చట్టం ఎందుకొచ్చిందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. పైగా అది నీళ్ళని కదిలించే వేవ్‌మేకర్ మోటారులో ఇరుక్కున్నా, చచ్చినా, విషం వదిలితే తెల్లారేసరికి చేపలన్నీ తేలతాయి. ఎవడైనా చాటుగా ఇస్తానంటే ఆ షాపు మెట్లు మళ్ళీ ఎక్కకు.

హెర్మిట్ పీతలు నాకు మొదట్నుంచీ పడవు. ఖాళీ గుల్లలు ఎన్ని పడేసినా పక్క నత్త కట్టుకున్న ఇల్లే వాటికి నచ్చుతుంది, ఒక్కోసారి లోపలున్నదాన్ని చంపి దూరతాయి. తెస్తానంటే నీ ఇష్టం, నాకు మాత్రం చెప్పకు.

మరి ఎవరిని తేవాలి? ముందు సెరిత్ నత్తలు నాలుగు. సన్నగా శంఖంలా ఉంటాయి, ఇసుక పైనా లోపలా నాచునీ మిగిలిపోయిన తిండినీ గీక్కుతింటాయి. నెల ఆగి నసారియస్ నత్తలు ఐదు. ఇవి నాచు ముట్టవు, మాంసం తినేవి. పగలంతా ఇసుకలో కూరుకుపోయి, చిన్న తొండంలాంటి గొట్టం ఒక్కటే పైకి పెట్టుకుని ఉంటాయి. నువ్వు చేపలకి తిండి వేసిన నిమిషంలో, భోజనాల బంతి వేస్తున్నారని కబురందినట్టు నలుమూలల నుంచీ ఇసుక చీల్చుకుని బయల్దేరతాయి. అలా లేచినప్పుడు ఇసుక కదులుతుంది చూడు, మనకి కావలసింది ఆ కదలికే. చేపలు వదిలేసింది ఇవి తింటాయి. చేపలు ఏదీ వదలని ఇంట్లో వారానికోసారి చిన్న రొయ్య ముక్క వీటికని వెయ్యి. 20 మాత్రం వద్దు. ఫైటింగ్ కాంక్ అనే నత్త దొరికితే ఒక్కటే తెచ్చుకో. పేరుకే యోధుడు, కళ్ళు రెండూ కాడల మీద పెట్టుకుని బిక్కుబిక్కుమంటూ ఇసుక మీద నాచు మేస్తాడు.

రాత్రి టార్చి వేస్తే రాళ్ళ సందుల్లో ఒళ్ళంతా వెంట్రుకల జెర్రిలాంటిది కనిపించి నువ్వు కేకలు పెడతావు, నాకు తెలుసు. బ్రిజిల్ పురుగు. దాన్ని చంపకు, చేత్తో పట్టుకోకు. జీతం అడగని పనివాడు.

గోబీ మీద నీకు మనసైందని అర్థమైంది. నోటి నిండా ఇసుక ఎత్తి మొప్పల్లోంచి జల్లెడ పట్టినట్టు వదులుతుంటే ఎవరికి ముద్దురాదు? కానీ అది కూడా వెతుక్కునేది ఆ పురుగుల్నే. ఆర్నెల్లు ఆగు. తెచ్చాక రోజుకి రెండుమూడు సార్లు ఫ్రోజెన్ మైసిస్ రొయ్యలు ఇసుక దాకా దిగేట్టు వెయ్యాలి. పొట్ట లోపలికి పోయినట్టు కనిపించిందంటే ఆలస్యమైనట్టే. ట్యాంకు పైన వల మూత ఉండాలి, అది ఎగురుతుంది. రాత్రి షిఫ్టు చేసి పగలు పడుకునేవాడివి, దానికి మూడు పూటలా ఎవరు పెడతారురా? నీకే దిక్కులేదు, బిస్కెట్లతో సరిపెడుతున్నావని మీ అమ్మ ఏడుస్తోంది.

షాపులో కొనేముందు గోబీ తింటుందో లేదో నీ కళ్ళముందు వేయించి చూడు. నత్తని వాసన చూడు, కుళ్ళు కంపు కొడితే వదిలెయ్. తెచ్చిన నత్తల్ని ఒక్కసారిగా నీళ్ళలో పడెయ్యకు, గంటసేపైనా మీ నీళ్ళు చుక్కచుక్కగా కలుపు. చేపలకి తెల్లమచ్చలొచ్చాయని రాగి మందు ఆ ట్యాంకులో పోశావో, నత్త ఒక్కటి మిగలదు. చేపని వేరే డబ్బాలోకి తీసి, మందు అక్కడ పొయ్యి.

ఇంకొక్కటి, పెద్దమ్మ చాదస్తం అనుకున్నా సరే. ఫ్రెండ్స్‌తో రామేశ్వరమో అండమానో వెళ్ళినప్పుడు ఒడ్డున అందమైన గుల్ల, లోపల ప్రాణంతో కనిపించిందని ట్యాంకు కోసం చేత్తో ఎత్తకు. కోన్ నత్తలు మన సముద్రాల్లోనూ ఉన్నాయి. వాటిలో జాగ్రఫీ కోన్ కుట్టి మనుషులు పోయారు, దాని విషానికి విరుగుడు మందు లేదు. నా దగ్గర చదివిన ఒక పిల్లాడు ఇలాంటిదే రుమాల్లో కట్టి జేబులో వేసుకుని నాకు బహుమతిగా తెచ్చాడు. వాడి అదృష్టం బాగుండి ఏమీ కాలేదు. ఇప్పటికీ ఆ జేబు కలలోకి వస్తుంది.

టెస్ట్ కిట్‌లో రెండు సున్నాలూ వచ్చిన రోజు ఫోన్ చెయ్యి. నా ట్యాంకు ఇసుక ఒక డబ్బాడు, పురుగులూ చుక్కల్లాంటి కోపీపాడ్ ప్రాణులూ అన్నిటితో సహా, తడి ఆరకుండా తెస్తాను. ముందు నీ ఇసుకలో అవి పెరగాలి, తర్వాతే అతిథులు. బృందావన్ ఎక్స్‌ప్రెస్‌లో పొద్దున ఎక్కితే మధ్యాహ్నానికి మెజెస్టిక్‌లో దిగుతాను, నిద్ర పాడుచేసుకుని రాకు, ఆటోలో వస్తాను. డబ్బా ఒళ్ళోనే పెట్టుకుంటాను. ఇంకో డబ్బాలో నీకు సున్నుండలు ఉంటాయి. రెండు డబ్బాలూ ఒకేలా ఉంటాయి, ట్యాంకులో పోసేముందు మూత తీసి చూడు.

నీ
పెద్దమ్మ